మోటారు స్విచ్చి ముందు తాయారక్క

మొన్న అంబత్తూరులో మా వీధి చివరి జిరాక్స్ కొట్టుకు వెళ్లి, నాలుగు పేజీలు ప్రింటు తీయమని పెన్ డ్రైవ్ ఇచ్చాను. కొట్టు నడిపే సెల్వి తన కొత్త కంప్యూటర్ మీద ఎంతో మురిపెంగా మీట నొక్కింది. బయటికి వచ్చిన కాగితాల నిండా వరసగా ఖాళీ డబ్బాలు. నేను రాసిన ప్రతి అక్షరానికీ ఒక డబ్బా. నా రాతలో సరుకు లేదని ఇంతకు ముందు కొందరు అన్నారు గానీ, ఒక యంత్రం అంత నిర్మొహమాటంగా అనడం అదే మొదటిసారి. సెల్వి తల గోక్కుంది. పాత సామాన్లవాడికి వేద్దామని బల్ల కింద పెట్టిన పాత కంప్యూటర్‌ను బయటికి లాగి, దుమ్ము దులిపి, తీగలు తగిలించి స్విచ్చి వేసింది. లోపల ఫ్యాను ఒకసారి గురక పెట్టింది. వేడెక్కిన దుమ్ము వాసన వచ్చింది. ఆ తరువాత ఒకే ఒక్క బీప్.

ఆ చప్పుడుకు నా వెన్ను దానంతట అదే నిటారైంది. ఇప్పటి కంప్యూటర్లు చాలావరకు మూగవి. లేచాయో లేదో తెర చూసి తెలుసుకోవాలి. పాతవి అలా కాదు. లేవగానే తమ అవయవాలన్నీ తడిమి చూసుకుని, అన్నీ ఉన్నాయంటే ఒక్కసారి పలికేవి. ఆ ఒక్క పలుకు కోసం ఒక ఆదివారం మధ్యాహ్నం కోడంబాక్కంలో ముగ్గురం ఊపిరి బిగబట్టుకుని ఉన్నాం. ఇద్దరం గది లోపల, కంప్యూటర్ ముందు. మూడో మనిషి బయట నడవలో, నీళ్ల మోటారు స్విచ్చికి వీపు ఆనించి నిలబడి ఉంది. ఆమెను మీరెవరూ చూసి ఉండరు. చూసి ఉంటే, ఆమె మాట విని ఉంటే, మరిచిపోయి ఉండరు.

ఆమె పేరు తాయారమ్మ. అందరికీ తాయారక్క. కోడంబాక్కం రైల్వే స్టేషను వెనక సందులో, ఒక మేడ కింది భాగంలో ఆమె గది. పైన ‘తెలుగు టైపింగ్’ అని బోర్డు. గదికి కిటికీ లేదు. ఉన్న కిటికీలన్నీ కంప్యూటర్‌లోనే. ఇతర భాషల సీరియళ్లకు తెలుగు గొంతులు ఇచ్చేవాళ్లు మైకు ముందు నిలబడి చదువుకునే కాగితాలను అక్కడ టైపు చేసేవాళ్లం. తెలుగు సినిమావాళ్లంతా మద్రాసులో ఉన్న రోజుల్లో తాయారక్క టైపు మిషను మీద స్క్రిప్టులు కొట్టేదట. ఆ తరువాత ఒక్కొక్కరే హైదరాబాదు వెళ్లిపోతూ ఆమెను కూడా రమ్మన్నారు. “పోయేవాళ్లు పోనీ పా. మా తాత ముత్తాతలు ఈడనే ఉండారు. తెలుగు టైపు కొట్టేదానికి రైలెక్కాల్నా?” అని ఆమె ఉన్నచోటే ఉండిపోయింది.

నేను ఆ గదికి పని అడగడానికి వెళ్లిన రోజున నా దగ్గర బి.కాం. పట్టా ఉంది, బీ కామ్‌గా ఉండే మనసు మాత్రం లేదు. తాయారక్క పొట్టి మనిషి. కళ్లజోడు ముక్కు చివర, పెన్సిలు ముడిలో. నన్ను పైనుంచి కిందికి చూసింది.

“తెలుగోళ్లేనా?”

“ఆమాక్కా. ఇంట్లో తెలుగే.”

“అయితే ఇది చదువు.”

“చదివేది రాదక్కా. ఇస్కూల్లో అంతా తమిళమే కదా.”

“మరి బయట తెలుగు టైపింగ్ అని బోర్డు ఉండాది కదా, అదెట్ల చదివినావు?”

“కింద ఇంగ్లీషులో రాసుండాది కదక్కా.”

ఆమె నవ్వలేదు. ఒక కాగితం ఇచ్చి, తాను చెప్పే మాటలు నాకు వచ్చిన అక్షరాలలో రాయమంది. గాజులు, గంధం, గడప అని చెప్పింది. నేను తమిళ అక్షరాలలో రాసి ఇచ్చాను. తమిళంలో ‘క’కూ ‘గ’కూ ఒకటే అక్షరం. ఆమె దాన్ని కావాలనే పట్టి పట్టి చదివింది: “కాజులు. కందం. కడప.” కళ్లజోడు పైనుంచి నన్ను చూసి, “గడప దాటమంటే కడప దాకా పోతివే పా” అంది. అప్పుడు నవ్వింది. నేను లేచి నిలబడ్డాను, ఇక పని లేదని. “యాడికి? కూర్చో. తెలుగు నీ నోట్లో ఉండాది, చేతికి రాలేదు. నోటికీ చేతికీ ఎంత దూరం? రేప్పొద్దున దా” అంది. ఆ దూరం జానెడే అనుకున్నాను. నడవడానికి ఏడాది పట్టింది. మా ఇంట్లో నాకు ముందు రెండు తరాల వాళ్లు ఆ జానెడు దూరం నడవకుండానే తెలుగువాళ్లుగా బతికేశారు.

ఆమె దగ్గర నేర్చుకున్న మొదటి సూత్రం అక్షరాల గురించి కాదు, చప్పుడు గురించి. ఒకసారి నన్ను డబ్బింగ్ థియేటరుకు తీసుకెళ్లి, రికార్డు చేసే మనిషి చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోన్ తీసి నా చెవులకు పెట్టింది. లోపల ఒక తల్లి పాత్రధారిణి ఏడుస్తూ మాట్లాడుతోంది. నాకే కళ్లు చెమర్చాయి. అంతలో చర్‌ర్‌మని ఒక శబ్దం, ఎవరో చీర చింపినట్టు. ఆవిడ పేజీ తిప్పింది, అంతే. ఆ ఏడుపంతా మళ్లీ మొదటినుంచి ఏడవాల్సి వచ్చింది. ఆ కాగితాలు మేం కొట్టినవి కావు. “చూసినావా, మాట సగంలో పేజీ అయిపోయింది. అందుకే మన పేజీల్లో ఏ మాటా కింద తెగకూడదు. మాట పూర్తి కావాల, అప్పుడు పేజీ తిప్పాల. మనం చేసిన పని ఎవురికీ వినిపించకూడదు” అంది. రైలు వెళుతున్నా పైకి వినిపించే గొంతు ఆమెది. అంత గట్టి మనిషి చేసిన పని మాత్రం పిల్లి నడిచినట్టు ఉండేది.

రెండో సూత్రం చుక్కలు. ప, బ, మ వంటి అక్షరాలు పలికితే పెదవులు కలుస్తాయి. తెరమీద నటుడి పెదవులు కలిసినచోట మాటలోనూ అలాంటి అక్షరం పడితేనే డబ్బింగ్ అతికినట్టు ఉంటుంది. అటువంటి చోట అక్షరం నెత్తిన ఒక చిన్న చుక్క ఉండేది, గొంతు ఇచ్చేవాళ్లు చూసుకోవాలని. ఆ చుక్కల అక్షరాలను తాయారక్క ఎప్పుడో ప్రత్యేకంగా గీయించుకుంది. అవి ఒక పాత తెలుగు సాఫ్ట్‌వేర్‌లో మాత్రమే పనిచేసేవి. ఆ సాఫ్ట్‌వేర్‌కు ఒక తాళం. అగ్గిపెట్టె అంత ప్లాస్టిక్ ముక్క, కంప్యూటర్ వెనక ప్రింటరు కోసం ఉండే వెడల్పాటి బొక్కలో దాన్ని గుచ్చితేనే తెలుగు తెరుచుకునేది. కొత్త కంప్యూటర్లకు ఆ బొక్కే లేదు. తాళంచెవి చేతిలో ఉంది, కొత్త ఇళ్లకు తలుపు లేదు. అందుకే ఆ పాత కంప్యూటర్‌నే పట్టుకుని వేలాడేవాళ్లం. దానికి పేజీలు అమర్చి ప్రింటుకు సిద్ధం చేయమని చెప్పి, మేం టీ తాగి, గ్లాసులు కడిగి, ఇంకోసారి టీ పెట్టుకునేవాళ్లం. మధ్యలో అది బిగుసుకుపోతే మళ్లీ మొదటికి. ఇక టీ కూడా రుచించేది కాదు.

ఒక రోజు థియేటరు మేనేజరు ప్రభాకర్ మా గదికి వచ్చాడు. విజయవాడ నుంచి వచ్చి మద్రాసులో స్థిరపడుతున్న మనిషి, మర్యాదస్తుడు. ఆ మర్యాదే కొంచెం ఎక్కువ కోసేది.

“సోమవారం నుంచి కొత్త సీరియల్ మొదలవుతోందండి మేడమ్. అయిదు ఎపిసోడ్లు సోమవారం పొద్దున్నే తొమ్మిదింటికల్లా నా బల్ల మీద ఉండాలి. అవుతుందంటారా?”

“ఎందుకు కాదు?”

“అబ్బే, అదేం లేదండి. వయసైపోయింది కదండి.”

తాయారక్క ముక్కు చివరి కళ్లజోడును పైకి తోసుకుంది.

“కంప్యూటర్ సంగతేనండి నేనంటున్నది” అన్నాడు ప్రభాకర్.

“తెలస్తా ఉండాది. ఇంగ?”

“హైదరాబాదులో కుర్రాళ్లు ఫోన్లోనే కొట్టి పంపించేస్తున్నారండి. చుక్కలూ గిక్కలూ లేకపోయినా నడుస్తోంది. మీరు మాత్రం ఎన్నాళ్లని కష్టపడతారు? ఈ ఒక్క సోమవారం చూస్తానండి. అందలేదనుకోండి, పని అటు పంపించేస్తాను. ఏమీ అనుకోవద్దు.”

“సరి. చూద్దాం పా” అంది తాయారక్క.

ఆ మాట గురించి చెప్పాలి. ఆమె ‘సరి’ అంటే ఒప్పుకున్నట్టు కాదు. ‘చూద్దాం’ అంటే చూడబోయేది ఎదుటివాళ్లు. ‘పా’ ఉత్త మద్రాసు ఊతపదం. ఇంటి అద్దె పెంచుతామన్నప్పుడు, మోకాలు ఆపరేషను చేయాలన్నప్పుడు, మద్రాసులో తెలుగు ఇక ఎవరికి కావాలని ఎవరో చుట్టం అన్నప్పుడు కూడా నేను ఆ మూడు మాటలే విన్నాను. అయితే ఈసారి విషయం వేరు. పెళ్లి పత్రికల పని అప్పటికే పోయింది. సావనీర్ల పని పోయింది. మిగిలింది ఆ థియేటరు పనే. అది పోతే ఆ గది మూతపడుతుంది. ఆమె చుక్కలూ నా జీతమూ ఒకే తాళంతో మూతపడతాయి.

టైపింగ్ శనివారం మధ్యాహ్నానికి పూర్తయింది. మిగిలింది అమర్చి ప్రింటు తీయడమే. సరిగ్గా అదే ఆ కంప్యూటర్‌కు మింగుడుపడని పని. ఒక్క ఎపిసోడ్‌కే రెండుసార్లు బిగుసుకుపోయింది. తాయారక్క లేచి, దాని తీగలన్నీ పీకేసి, పాత నూలు చీరలో చుట్టింది. ఆటోలో దాన్ని ఒడిలో పెట్టుకుని కూర్చుంది. ఆటో గుంతలో పడినప్పుడల్లా దాని నెత్తిన చెయ్యి వేసేది. అలా ముగ్గురం రిచీ స్ట్రీట్ చేరాం.

మౌంట్ రోడ్డు పక్కనున్న ఆ సందులో కంప్యూటర్ సామాన్లు దొరకనిదంటూ ఉండదు. మనిషి నిలబడే చోటు మాత్రం దొరకదు. బీరువా అంత కొట్టులో ఇస్మాయిల్ భాయ్ కూర్చుని ఉన్నాడు. నెల్లూరు నుంచి వచ్చే బేరగాళ్ల వల్ల తెలుగు బాగానే అబ్బింది. మూత విప్పి చూసి పెదవి విరిచాడు.

“ఇది మ్యూజియంకి ఇచ్చేయండమ్మా. కొత్త సెట్టు తీసుకోండి.”

“కొత్తదానికి వెనకాల ఈ బొక్క ఉంటాదా?”

“ఉండదు.”

“మరి నాకెందుకది?”

భాయ్ మళ్లీ లోపలికి చూశాడు. ఈసారి వైద్యుడిలా చూశాడు. డబ్బా, బోర్డు, వెనక బొక్క అన్నీ అలాగే ఉంచి ప్రాసెసర్ ఒక్కటి మారిస్తే చాలన్నాడు. ఆ బోర్డులో పట్టేవాటిలో పెద్దది, ఒకరు వాడి వదిలేసింది, తన దగ్గర ఉందన్నాడు. ప్రాసే తెలియని నాకు ప్రాసెసర్ ఏం తెలుస్తుంది? బిస్కెట్టు అంత ముక్క, కంప్యూటర్‌కు బుర్ర అదేనని అర్థం చేసుకున్నాను. మా చేతిలో ఉన్న డబ్బుకు ఆ పాత బుర్ర కూడా కొంచెం అందని ఎత్తులోనే ఉంది. తాయారక్క వెంటనే, “పాతది తీసుకో. దాని విలువ తగ్గించు” అంది.

అది ఆమె వంటింటి న్యాయం. పాత చీరలు తీసుకుని స్టీలు సామాన్లు ఇచ్చే గంపమ్మ వీధిలోకి వస్తే తాయారక్కతో బేరమాడి గెలిచి వెళ్లిన రోజు లేదు. ఆమె ఇంట్లో ఇడ్లీ కుక్కరు నుంచి ఉప్పు డబ్బా దాకా అన్నీ ఒకప్పటి చీరలే. పాతది ఇంట్లో ఉండగా కొత్తది గడప తొక్కకూడదనేది. భాయ్ సరేనన్నాడు. “కాసేపు ఆగండి, నేనే బిగించి, ఆన్ చేసి చూపిస్తా” అని కూడా అన్నాడు. అతని ముందు అప్పటికే ఒక గుంపు నిలబడి ఉంది. బిగింపు కూలి మిగులుతుందనీ, త్వరగా ప్రింటింగ్ మొదలు పెట్టొచ్చనీ, ఎలా బిగించాలో ఒక చచ్చిన బోర్డు మీద చూపించమని చెప్పి, తాయారక్క బయల్దేరదీసింది. మా పాత ప్రాసెసర్ భాయ్ దగ్గరున్న ప్లాస్టిక్ సబ్బుపెట్టెలోకి వెళ్లిపోయింది.

మేం చేరేసరికి సందులో కరెంటు లేదు, అందుకని ఆదివారం పొద్దున బిగించాం. ప్రాసెసర్ మీద తెల్లటి లేపనం పూయాలి, వేడి పైకి లాగడానికి. ఆవగింజంత చాలని భాయ్ చెప్పాడు. తాయారక్క పెళ్లికి వచ్చిన పెద్దముత్తయిదువకు గంధం పూసినట్టు దండిగా పూసింది. నేను సగం తుడిచాను. ఫ్యాను బిగించాం. తాళం గుచ్చాం. స్విచ్చి వేశాం. ఫ్యాను తిరిగింది. తెర నల్లగా ఉంది. బీప్ లేదు. ఆపి, మళ్లీ వేశాం. ఫ్యాను తిరుగుతోంది, లోపల ఎవరూ లేని ఇంట్లో తిరిగినట్టు.

ఫోన్ చేస్తే భాయ్ అడిగిన మొదటి ప్రశ్న, “బీప్ వచ్చిందా?”

“రాలేదు.”

“అయితే బోర్డుకి ఇది ఎవరో తెలీదమ్మా. బోర్డు ముందు పుట్టింది, ఈ ప్రాసెసర్ తరువాత పుట్టింది. పాత ప్రాసెసర్ పెట్టి కంప్యూటర్‌ని లేపాలి. నేను ఒక ఫైలు ఇస్తా, దాంతో బోర్డుకి కొత్తదాన్ని పరిచయం చేయాలి. ఆ తరువాతే కొత్తది పెట్టాలి. పాతది పెట్టండి.”

తాయారక్క నన్ను చూసింది. నేను ఆమెను చూశాను.

“పాతది నీ సబ్బుపెట్టెలో ఉండాది కదా భాయ్” అంది నెమ్మదిగా.

చీర ఇచ్చి గిన్నె తెచ్చుకుంటే గిన్నెకు చీరతో పనిలేదు. ఇక్కడ అలా కాదు. అత్తగారిని ఊరికి పంపించేసి, కొత్త కోడలికి ఉప్పు డబ్బా చూపించమని గోడలను అడిగినట్టుంది మా పరిస్థితి.

“సోమవారం కొట్టు తీస్తానే రండమ్మా, చూస్తా” అన్నాడు భాయ్.

“సోమవారం తొమ్మిదింటికి నా కొట్టు మూసేస్తారు. నీ ఇల్లు యాడ?”

“ట్రిప్లికేన్. కానీ ఈరోజు ఇంట్లో ఫంక్షను ఉందమ్మా, చుట్టాలు ఉన్నారు.”

“సరి. చూద్దాం పా.”

బస్సులో ట్రిప్లికేన్ వెళ్లాం. భాయ్ ఇంటి ముందు చెప్పులే చెప్పులు, లోపల బిరియానీ వాసన. భాయ్ తెల్లటి జుబ్బాలో బయటికి వచ్చి తల పట్టుకున్నాడు. “భోంచేసి చుట్టాలను పంపించి, సాయంత్రం చూస్తా” అన్నాడు. “నిదానంగా భోంచెయ్ భాయ్. మాకేం తొందర లేదు” అని తాయారక్క గుమ్మం మెట్టు మీద కూర్చుంది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. వచ్చిన ప్రతి చుట్టమూ మమ్మల్ని దాటుకునే లోపలికి వెళ్లాలి. ప్రతి ఒక్కరికీ తాయారక్క నమస్కారం పెట్టి, “లోపలికి దయచేయండి” అనేది, పెళ్లివారి తరఫు మనిషిలాగా. లోపలినుంచి మాకు రెండు గ్లాసుల షర్బత్ వచ్చింది. మరి కాసేపటికి భాయే వచ్చాడు, చేతిలో స్కూటరు తాళాలు. “లేవండమ్మా. మా అత్తగారు మిమ్మల్ని మా కొట్టువాళ్లు అనుకుని నా పక్కన విస్తరి వేయిస్తున్నారు. ఒక గంటలో నన్ను వదిలేయాలి” అన్నాడు. సబ్బుపెట్టె అతని స్కూటరు డిక్కీలోనే ఉంది.

మా గదిలో పాత ప్రాసెసర్‌ను దాని పాత చోట పెట్టగానే కంప్యూటర్ మామూలుగా లేచింది. అలిగి వెళ్లిన మనిషి తిరిగి వచ్చి ఏమీ జరగనట్టు కాఫీ అడిగినట్టు. భాయ్ పెన్ డ్రైవ్ గుచ్చి, వేలు మీట మీద పెట్టి ఆగాడు.

“పది నిమిషాలు పడుతుంది. ఈ పది నిమిషాలు కరెంటు పోకూడదు. కిందా మీదా కాకూడదు. మధ్యలో ఆగిందా, పాతదీ లేవదు, కొత్తదీ లేవదు. బోర్డే చచ్చిపోతుంది. మీ యూపీఎస్ బ్యాటరీ ఎట్లా ఉంది?”

“అది పోయి రెండేళ్లయింది” అన్నాను.

బోర్డు పోతే వెనక బొక్క పోతుంది. బొక్క పోతే తాళం పోతుంది. తాయారక్క లేచి బయటికి నడిచింది. ఎక్కడికో నాకు వెంటనే అర్థమైంది. మా గది బయటి నడవలో ఆ ఇంటి నీళ్ల మోటారు స్విచ్చి ఉంది. ఆ మోటారు వేసినప్పుడల్లా ఇంట్లో దీపాలన్నీ మొహం చిన్నబుచ్చుకునేవి, మా కంప్యూటర్ ఆరిపోయి మళ్లీ లేచేది. “నువ్వు నొక్కు భాయ్. నేనుండా” అంది బయటినుంచి.

భాయ్ నొక్కాడు. తెర మీద ఒక గీత చీమలా కదలడం మొదలైంది. రెండు నిమిషాలు గడిచాయో లేదో, మేడమీద నుంచి ఇంటాయన నటరాజన్ సారు కేక వినిపించింది, మోటారు వేయమని. తరువాత ఆయన భార్య మెట్లు దిగి వచ్చింది. వాళ్లు మాట్లాడుకున్నది తమిళంలో. నాకు ఈనాటికీ ప్రతి ముక్కా గుర్తుంది.

“తాయారూ, కొంచెం జరుగు. సారు తలకు సీకాయ రుద్దుకుని కూర్చున్నారు, తొట్టిలో చుక్క నీళ్లు లేవు.”

“పది నిమిషాలు ఆగమనండి మామీ.”

“కళ్లలో పడింది అంటున్నారు.”

“కళ్లు మూసుకోమనండి.”

గీత సగం కూడా నడవలేదు. నేను వాకిలి దగ్గరికి వచ్చి చూశాను. తాయారక్క వీపు స్విచ్చికి ఆనించి, రెండు చేతులూ గోడకు చాపి నిలబడి ఉంది. ముడిలో పెన్సిలు అలాగే ఉంది. మెట్ల మీదికి నటరాజన్ సారే వచ్చాడు. నడుముకు తువాలు, నెత్తిన సీకాయ కిరీటం, ఒక కన్ను మూత.

“తాయారూ, ఇది నా ఇల్లు.”

“అవును సార్.”

“మోటారు నాది.”

“అదీ మీదే సార్. ఈ పది నిమిషాలు మాత్రం నావి.”

“రేపే గది ఖాళీ చేయిస్తాను.”

“రేపు కదా సార్. రేపు మాట్లాడుకుందాం. ఇప్పుడు మాత్రం వేయనివ్వను.”

ఆమె గొంతు పెంచలేదు. అది నాకు వింతగా అనిపించింది. అరవడం అలవాటైన మనిషి ఆ రోజు అరవలేదు. వెనక్కి తిరిగి చూశాను. గీత చివరి అంగుళంలో పాకుతోంది. భాయ్ పెదవులు కదులుతున్నాయి. తెర ఆరిపోయింది. ఫ్యాను ఆగింది. సరిగ్గా ఒక గుక్క ఊపిరి పట్టేంతసేపు ఏమీ లేదు. తరువాత ఫ్యాను తిరిగింది, ఒకే ఒక్క బీప్.

“అయింది. ఇక ఎవరు ఏం వేసుకున్నా పరవాలేదు” అన్నాడు భాయ్.

తాయారక్క వెనక్కి తిరిగి మోటారు తానే వేసింది. “వెళ్లి పోసుకోండి సార్, నీళ్లు వస్తా ఉండాయి” అంది. దీపాలు చిన్నబోయి మళ్లీ తేరుకున్నాయి. ఆ మోటారు హోరులోనే భాయ్ పాతదాన్ని తీసి కొత్తదాన్ని పెట్టాడు, గంధం ఆవగింజంతే పూశాడు, స్విచ్చి వేశాడు. అంత హోరులోనూ బీప్ మా ముగ్గురికీ వినిపించింది. ఈసారి బోర్డు కొత్త మనిషిని పేరు పెట్టి పలకరించింది.

భాయ్ వెళుతూ పాత ప్రాసెసర్‌ను ఆమె అరచేతిలో పెట్టాడు. “ఉంచుకోండమ్మా. మీ చెయ్యి విడవనంటోంది” అన్నాడు. ఆమె దాన్ని కొంగుతో తుడిచి, మళ్లీ అతని సబ్బుపెట్టెలోనే వేసింది. “బేరం బేరమే పా. అదీ కాక, నా పెట్టెలో పెడితే అది ముసలిదైపోతాది. ఎవురి బోర్డులోనైనా పెట్టు. పని చేసుకోనీ.” ఆమె గురించి నాకు గుర్తున్న మాటలలో నాకు బాగా ఇష్టమైనది అది.

సోమవారం తొమ్మిదింటికి ముందే అయిదు కట్టలు ప్రభాకర్ బల్ల మీద ఉన్నాయి. అతను ఒక కట్ట తీసి పేజీలు తిప్పాడు. చప్పుడు లేదు. చుక్కలన్నీ వాటి నెత్తుల మీద ఉన్నాయి.

“కొత్త కంప్యూటర్ కొన్నారా మేడమ్?”

“లేదు పా, పాతదే. వయసైపోయింది గానీ చెవులు బాగా పనిచేస్తా ఉండాయి.”

ప్రభాకర్ ఎర్రబడ్డాడు. పని హైదరాబాదు వెళ్లలేదు. నటరాజన్ సారు గది ఖాళీ చేయించలేదు. వారం రోజులు మాత్రం నన్ను చూసినప్పుడల్లా కన్ను నులుముకునేవాడు, నేనే సీకాయనైనట్టు. ఆ కంప్యూటర్ అదే డబ్బాలో, ఆ రెండో చేతి బుర్రతో మరో అయిదారు సీరియళ్లు ఏడ్చింది, నవ్వింది. ఆ థియేటరే మూతపడిన తరువాత, తాయారక్క తాను ఎంచుకున్న రోజున, తన చేత్తో గదికి తాళం వేసింది. ఆ మరుసటి ఏడాది ఆమె పోయింది. ఆసుపత్రిలో డాక్టరు ఇక కష్టమన్నప్పుడు ఆమె ఏమందో మీరు ఊహించగలరు. ఆ ఒక్కసారి మాత్రం చూడాల్సి వచ్చింది మేమే.

తాళం వేసిన రోజున ఆమె ఆ కంప్యూటర్‌ను నాకిచ్చింది. నేను దాన్ని ఒక కొత్త కంప్యూటర్ పక్కన పెట్టుకుని, ఒక స్నేహితురాలి సాయంతో ఒక్కో చుక్క అక్షరాన్నీ చూసి చూసి కొత్తవాటిలో పనిచేసేలా మళ్లీ గీయించాను. ఆ పని ముగిసేదాకా పాతదాన్ని ఎవరు అడిగినా ఇవ్వలేదు. ఇప్పుడు ఇంట్లో కూర్చుని రాసే స్క్రిప్టులన్నీ ఆ అక్షరాలతోనే రాస్తాను. ఇది కూడా వాటితోనే రాశాను. నోటినుంచి చేతికి ఉన్న ఆ జానెడు దూరాన్ని మా అమ్మాయి ఈ మధ్యనే నడవడం మొదలుపెట్టింది. ‘గడప’ అని సరిగ్గానే రాస్తోంది. కడప దాకా వెళ్లే యోగం నాతోనే ముగిసినట్టుంది.

సెల్వి పాత కంప్యూటర్‌లో ఆ అక్షరాలు నేనెప్పుడో ఎక్కించాను. అందుకే మొన్న అందులోనుంచి నా నాలుగు పేజీలూ చుక్కలతో సహా వచ్చాయి. కొత్తది డబ్బాలు ఇచ్చిందంటే దాని తప్పు కాదు, దానికి ఎవరూ పరిచయం చేయలేదు. పాతదానిలోనుంచి ఆ అక్షరాల ఫైలు తీసి కొత్తదానిలో పెడుతూ ఉన్నాను. ఆ ఫైలు పెన్ డ్రైవ్‌లోకి నిదానంగా, చీమలా ఎక్కుతోంది. అంతలో కొట్టు ముందు పాత సామాన్లవాడి బండి ఆగింది. సెల్వి, “వచ్చేశాడు అక్కా, ఇక దీన్ని తీసేస్తా” అని తమిళంలో అంటూ స్విచ్చి వైపు చెయ్యి చాపింది.

నా వీపుకు గోడ తగిలింది. చూసుకుంటే నేను స్విచ్చి బోర్డు ముందు నిలబడి ఉన్నాను, రెండు చేతులూ గోడకు చాపి.

“ఏమైందక్కా?”

“పది నిమిషాలు ఆగమను.”

“ఆగడట. వేరే వీధికి పోవాలంటున్నాడు.”

“సరి. చూద్దాం పా” అన్నాను, కదలకుండా.